కొండముచ్చు బిడ్డా, మా అక్క కమ్మలూ

కాదు జోయెలూ, కోతి మనకు అవ్వ కాదు. పెద్దమ్మ కూతురు. మీ టీచరు అడిగితే అట్లనే చెప్పు. శానా వెనక, లెక్కపెట్టను మన వల్ల కానంత వెనక, మనకూ దానికీ ఒకే అవ్వ ఉండె. ఆయమ్మ కోతీ కాదు, మనిషీ కాదు. ఆయమ్మ సంతానంలో కొందరు కొమ్మల మీదనే ఉండిపాయిరి, కొందరు కిందికి దిగి నడస్తా వచ్చిరి. నేనిది పుస్తకంలో చదవలే. ఆళ్లగడ్డలో మా అక్క ఇంట్లో బాడుగకుండిన బెంగుళూరు పిల్ల చెప్పింది.

నువ్వు ఫోన్లో పంపిన వరస బొమ్మ చూసినా. వంగినోడు, సగం లేచినోడు, నిటారుగా నిలబడినోడు. బాగుండాది. అయితే నాయనా, ఆ వరసలో అందరూ మొగోళ్లే. రెండు చేతులూ ఊపుకుంటా పోతాండారు. ఒక్కరి సంకలో బిడ్డ లేదు. బిడ్డల్ని యాడ పెట్టి వచ్చిరి? ఎవరి చేతికిచ్చి వచ్చిరి?

నేను ఇచ్చి వచ్చిన దాన్ని. అందుకే నా కన్ను ముందు ఆడికే పాయ.

నేనిచ్చింది మీ అమ్మను. కరుణకు అప్పుడు ఐదు నెల్లు. నాకు నంద్యాలలో టీచర్ ట్రైనింగ్ సీటు వచ్చె. హాస్టల్లో బిడ్డను పెట్టుకోనీరు. మీ తాతకు జిన్నింగ్ మిల్లులో ఒక వారం పగలు డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ. మా అక్క సంతోషమ్మకు అప్పుడే మూడో కొడుకు పుట్టినాడు, చిట్టి. "పాలు ఇద్దరికీ సరిపోతాయిలే మే. నువ్వు పోయి సదువుకో" అని అక్క చేతులు చాపె. ఇచ్చినా. ట్రైనింగ్ అయిపాయ, గడివేముల బడిలో ఉద్యోగం వచ్చె, ఒక గది తీసుకుంటిమి, పిల్లకని చిన్న మంచం గూడా చేయించినా. ఎనభై ఒకటో సంవత్సరం ఎండాకాలం సెలవుల్లో మీ అమ్మను తెచ్చుకోను ఆళ్లగడ్డకు పోయినా. ఆ ప్రయాణమే చెప్తాండా. మీరు ఆ దారిన ఎప్పుడూ పోలే కదా.

నంద్యాల బస్టాండు

గడివేముల బస్సు దిగేతలికి ఆకలి కరకరా అంటాండె. బస్టాండు పక్కన ఉగ్గాని, బజ్జి. మీ పూనాలో పోహా అని తింటారే, చూసేదానికి అట్లనే ఉంటాది గానీ అటుకులు కాదు, నానబెట్టిన బొరుగులు. ఉల్లిగడ్డ, పచ్చిమిరక్కాయ, పుట్నాల పొడి. పక్కన మిరక్కాయ బజ్జి లేకుంటే దాన్ని ఎవరూ ఉగ్గాని అనరు. పేపరు ముక్కలో ముప్పావలాకు పెట్టిచ్చె. గడివేములలో అర్ధరూపాయే. ఊరు పెద్దదయ్యేకొద్దీ బజ్జి చిన్నదయితాది, అది అప్పుడే కనిపెట్టినా.

ఆళ్లగడ్డ బస్సులో నా పక్కన గాజుల ఖాసింబీ కూర్చునె. శిరివెళ్లలో పెండ్లి ఉండాదంట, గాజుల మూట వొళ్లో పెట్టుకోని పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకునె. బస్సు కుదిపినప్పుడల్లా మూట మీద చెయ్యేసి "గమ్మునుండు, గమ్మునుండు" అంటాది గాజులతో.

"యాడికి పోతాండావ్ మ్మా?" అనె.

"ఆళ్లగడ్డకు. నా కూతుర్ని తెచ్చుకోను."

"ఉత్త చేతుల్తో పోతాండావా?"

ఉత్త చేతులు కాదు, సంచిలో కారాలు, అవే జంతికలు, ఉండాయి, నేనే వండినా. అయినా ఆమె మూట విప్పింది చూసి నాకు ఆశ పుట్టె. ఎర్రవి, మధ్యలో బంగారు చుక్క ఉండేవి. డజను రూపాయిన్నర.

"బిడ్డ చెయ్యి ఎంతుంటాది?"

బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఇంత అని చూపిచ్చినా. ఆమె ఒక గాజు పట్టి చూసి, "మళ్లా చూపియ్యి" అనె. మళ్లా చూపిచ్చినా. ఈసారి సున్న చిన్నదయ్యె. మూడోసారి పెద్దదయ్యె. ఖాసింబీ పకపకా నవ్వె.

"ఏం మ్మా, సొంత బిడ్డేనా, అడుక్కొచ్చుకున్న్యావా?"

తమాషాకే అనింది పాపం. నేనూ నవ్వినా. కానీ లోపల ఆ మాట బజ్జిలో మిరక్కాయ మాదిరి మండతా కూచునె. రెండు నెలలకోసారి ఆదివారం పోయి చూసొస్తాంటిని. చూస్తాంటి, ఎత్తుకుంటాంటి, మళ్లా సాయంత్రం బస్సు. చెయ్యి ఎంతుంటాదో తెలియాలంటే దినామూ నీళ్లు పోయాల, దినామూ గౌను తొడగాల. అది అక్కకు తెలుసు. నడిమి సైజుది ఒక డజను తీసుకున్న్యా, అటూ ఇటూ కాకుండా.

శిరివెళ్ల, పంచరు

శిరివెళ్ల ఇంక వచ్చేస్తాదనంగా బస్సు టైరు పాయ. అందరూ దిగిరి. డ్రైవరు బస్సును తిట్టె, కండక్టరు రోడ్డును తిట్టె, ఒక ముసలాయన ఇద్దర్నీ తిట్టె. మొగోళ్లు టైరు చుట్టూ గుంపై ఊరికే సలహాలిస్తాండ్రి. ఆడోళ్లం రోడ్డు పక్కన ఆగిన ట్రాక్టరు నీడలో కూచుంటిమి. దావన పోయే ఒకామె తలమీద దుత్త దించి, అడగకుండానే అందరికీ మజ్జిగ పోసె. మా గడివేములలోనైతే ముందు ఎవరు నువ్వు, ఎవరింటి దానివి అని అడిగి పోస్తారు. ఈడ పోసినంక అడుగుతారు.

ఖాసింబీ మజ్జిగ తాగి మూతి తుడుచుకోని నన్ను చూసె. "బిడ్డ ఎవరి దగ్గర ఉండాది?"

"మా అక్క దగ్గర."

"అక్కేనా? ఇంకేం భయం?"

అదే భయం అని నోటి చివరికి వచ్చె. పరాయోళ్ల దగ్గరుంటే వీసమంత ప్రేమ తక్కువుంటాదని ధైర్యంగా ఉండొచ్చు. అక్క దగ్గర ఏం తక్కువుంటాది? ఇదంతా బస్సు పక్కన గాజులామెతో చెప్పుకునే మాట కాదు. పోయేటప్పుడు ఆమె నా చేతిలో ఇంకో రెండు గాజులు పెట్టె. "పగిలేటియ్యి పగులుతాయి, పెట్టుకో" అనె.

ఆళ్లగడ్డ

ఆళ్లగడ్డలో బస్సు దిగితే ముందు చెవులకే ఊరు తెలుస్తాది. టంగు టంగుమని ఉలి చప్పుడు. రాళ్లు చెక్కే వీధి దాటినంక మా అక్క ఇల్లు. బావది ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు, ఇంటి ముందరనే. ఆయన బండి కిందనుంచి కాళ్లు మాత్రం బయట పెట్టి, "వచ్చినావా మే, పో, పో లోపలికి" అనె. ఆ ప్రయాణంలో నేను ఆయన మొగం సరిగ్గా చూసినట్టే లేదు.

వాకిట్లో మీ అమ్మ. నూనె పెట్టి బిగించిన రెండు జడలు, రిబ్బన్లు. ఎండకు కండ్లు చిన్నవి చేసి నన్ను చూసె. మొగమంతా నవ్వు. వెనక్కి తిరిగి ఇంట్లోకి అరిసె.

"అమ్మా! చిన్నమ్మ వచ్చింది!"

నాయనా, దాని తప్పేం లేదు. అక్క కొడుకులు ముగ్గురూ నన్ను చిన్నమ్మా అనే పిలుస్తారు. నేను వాళ్లకు చిన్నమ్మనే కదా. నాలుగో గొంతు గూడా అదే పట్టుకునె. పక్కనుండే చిట్టిగాడు అమ్మ అన్నోళ్లనే ఇదీ అమ్మ అనె. వరస తప్పలే, ఇల్లు మాత్రమే మారె. అయినా సరే, నా కడుపులో ఎవరో పొయ్యి రాజేసినట్టయ్యె. అక్క పిండి చేతుల్తో బయటికొచ్చి, "చిన్నమ్మ కాదు పాపా, అమ్మ. మీ అమ్మ" అనె. కరుణ ఇద్దర్నీ మార్చి మార్చి చూసె. "చిన్నమ్మ" అనె మళ్లా, ఈసారి నెమ్మదిగా, నాకు అర్థం కాలేదేమోనని నేర్పిచ్చినట్టు.

గాజులు తీసినా. ఒక్కటీ పట్టలే. బొటనవేలి ఎముక కాడనే ఆగిపాయ. "ఇంకో సైజు పెద్దది పడతాది మే, పోయిన నెల్లో తొడిగినా కదా నేను. ఒక కార్డు ముక్క రాసింటే చెప్పుందునే" అనె అక్క. మంచిగనే అనె. మంచిగా అన్నందుకే నాకు ఇంకా మండె. ఆ గాజులన్నీ చిట్టిగాడు తొడుక్కోని వీధంతా చిందులేసె. వాని మణికట్టు సన్నం.

సంగటి దినం అది. గోంగూర, శెనక్కాయల కారం. మా ఇండ్లల్లో పిల్లలకు ఎవరి తట్ట వాళ్లకు పెడతాం. అక్క ఇంట్లో అట్ల లేదు. పెద్ద గిన్నె ముందర పెట్టుకోని కూచుంటాది, పిల్లలు చుట్టూ కూచుంటారు, ఆమె చెయ్యి గడియారం ముల్లు మాదిరి తిరగతా ఒక్కో నోట్లో ఒక్కో ముద్ద. ఆ వరసలో ప్యాంటు వేసుకున్న ఒక ఆడపిల్ల గూడా నోరు తెరుచుకోని కూచోనుండె.

"ఈ పిల్ల ఎవరక్కా?"

"గిరిజ. మన ముందర గదిలో ఉంటాది. బెంగుళూరు. పొద్దన్నుంచి మాపటిదాకా అహోబిలం కాడ కోతుల్ని చూస్తాది. చూసేదానికి దుడ్లిస్తారంట మే! మన చిట్టిగాడైతే ఊరికేనే చూస్తాడు."

గిరిజ ముద్ద మింగి నవ్వె. "కోతులు మాత్రమే కాదు అక్కా, కొండముచ్చులు కూడా. మనుషులు ఎట్ల మనుషులయినారో తెలుసుకోవాలంటే చుట్టాల ఇల్లు కూడా చూడాలి కదా." ఆ పిల్ల తెలుగు సగం కన్నడం. అప్పుడే నాకు ఆ అవ్వ సంగతి, పెద్దమ్మ కూతురి సంగతి చెప్పింది.

"మన చర్చి అయ్యగారు వింటే నిన్ను గుడి మెట్లు ఎక్కనీడు" అనె అక్క.

"అయ్యగారికి కూడా ఒక ముద్ద పెట్టి చెప్తాలే" అనె గిరిజ. అందరూ నవ్విరి. కరుణ ఆ పిల్ల వొళ్లో తలపెట్టి పడుకోనుండె. నాకు అదీ చూడబుద్ధి కాలే.

మధ్యాన్నం ఎండకు అందరం నడిమింట్లో చాపలేసుకోని పడుకుంటిమి. మీ అమ్మకు అక్క చెవి పట్టుకోకుండా నిద్ర రాదు. అక్కవి ఏడు రాళ్ల కమ్మలు. ఎడమ కమ్మకు ఒక రాయి ఊడిపోయి గుంట ఉండె. ఆ గుంటలో వేలి కొస పెట్టి రుద్దుకుంటా రుద్దుకుంటా నిద్రపోతాది. నేను అది చూస్తా, మెల్లిగా జరిగి, దాని చెయ్యి తీసి నా చెవి మీద పెట్టుకున్న్యా. నావి చిన్న దుద్దులు, నున్నగా ఉంటాయి. వేలు వెతికె. పైన చూసె, కింద చూసె. గుంట దొరకలే. కండ్లు తెరవకుండానే చెయ్యి లాక్కోని అక్క వైపు తిరిగె.

అక్క మేలుకోనే ఉండాదని నాకు తెలుసు. ఆమె గూడా కండ్లు తెరవలే.

అహోబిలం అడవి

మరుసటి దినం అక్క, కరుణ, నేను గిరిజ వెంట అహోబిలం బస్సెక్కితిమి. పిల్లను నాకు అలవాటు చేయాలని అక్కే బయలుదేరదీసె. దిగేవాళ్లంతా గుడి దిక్కు పోతాంటే మేము అడవి దిక్కు పోతిమి. గిరిజ మెడలో దుర్భిణి. కాలుకింద ఎండుటాకుల చప్పుడు, పైన చెట్లల్లో ఎవరో దుప్పట్లు దులుపుతాండట్టు.

ముందు కోతులు. తలమీద పాపిడి తీసి టోపీ పెట్టినట్టు ఉంటాది వెంట్రుక. ఒక తల్లి కడుపుకు బిడ్డ కరుచుకోనుండె. ఇంకో ఆడకోతి నెమ్మదిగా జరిగి, దూరంగా చూస్తాండట్టు చూస్తా, ఆ బిడ్డ తోక మీద వేలు పెట్టె. తల్లి పళ్లు బయటపెట్టి బిడ్డను కాలు పట్టి లాక్కునె.

"ఇది ఎవరికీ ఇయ్యదు అక్కా. రోగం వచ్చినా, ఆకలయినా తనే మోస్తుంది" అనె గిరిజ.

"మంచి పని చేస్తాంది" అన్న్యా నేను. నేను గట్టిగా అనలే. అయినా అక్కకు వినబడె.

సంచి పక్కనబెట్టి నీళ్లు తాగుతాంటి, అంతే, ఒక గండుకోతి మీద పడి కారాల పొట్లం ఎత్తుకోని పాయ. నేను మూడు దినాలు ఇంట్లో కూర్చోని చుట్టిన కారాలు! దాని ఎగురుడుకు కరుణ బెదిరి కెవ్వుమని అరిసె. ముగ్గురం చేతులు చాపితిమి. అక్క ఒక పక్క, నేను ఒక పక్క, గిరిజ ముందర. పిల్ల మధ్యలో నిలబడి అక్క మొగం చూసె, నా మొగం చూసె, గిరిజ మొగం చూసె. కన్నీళ్లు కారతానే ఉండాయి, అయినా ఒక్కొక్కర్నీ చూసుకుంటా పోతాంది, బజార్లో టమాటాలు ఏరినట్టు. ఏరి ఏరి గిరిజ దగ్గరికి పరిగెత్తె. ఆ పిల్ల మెడలో దుర్భిణి ఉండాది కదా.

నేను అక్కను చూసినా. అక్క నన్ను చూసె. ఆమె మొగంలో నా కడుపులో పొయ్యే కనబడె. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చె. నవ్వి నవ్వి అక్క కొంగుతో కండ్లు తుడుచుకునె. పైన కొమ్మ మీద కోతి మా కారాలు కరకరా నములుతాండె.

ఇంకొంచెం లోపలికి పోతే కొండముచ్చులు. బూడిద రంగు ఒళ్లు, మసి పూసినట్టు మొగం, బారెడు తోక. గిరిజ నోటి మీద వేలు పెట్టి దుర్భిణి నా చేతికిచ్చె. ఒకదాని వొళ్లో అప్పుడే పుట్టిన బిడ్డ. పెద్దవన్నీ బూడిద రంగు, బిడ్డ మాత్రం నల్లగా, మొగం లేత గులాబీ రంగు. నేను చూస్తాండంగానే ఇంకోటి వచ్చి రెండు చేతుల్తో బిడ్డను ఎత్తుకునె. తల్లి అడ్డం పడలే. దాని దగ్గరనుంచి మూడోది తీసుకునె. దానికి పట్టుకునేది సరిగ్గా రాదు, తలకిందులుగా పట్టుకునె. బిడ్డ కీచుమనె. తల్లి వీపు తిప్పుకోని ఆకులు తింటాంది. ఆకు తుంచుతాది, నములుతాది, ఇంకో కొమ్మ వంచుతాది.

"తిరుగమ్మా, తిరుగు" అన్న్యా నేను దుర్భిణిలోనుంచే. "గిరిజా, అది ఎట్ల తింటాంది? దానికి కుళ్లుండదా?"

"ఆకలి అక్కా. బిడ్డ ఇంకొకరి చేతిలో ఉన్నప్పుడే అది కడుపునిండా తింటుంది."

నేను దుర్భిణి దించలే. కరుణ, "దానికి కారాలు ఇద్దామా?" అనె.

గిరిజ రాయి మీద కూచోని చెప్పుకుంటా పాయ. ఆఫ్రికాలో తోక లేని పెద్ద వానరాలు ఉండాయంట, మనకు అన్నిటికంటే దగ్గర చుట్టాలు అవేనంట. వాటి తల్లి గూడా కోతి మాదిరే, ఏండ్ల తరబడి ఒక్కతే మోస్తాదంట. "మరి మనం ఎందుకు ఇస్తాం? మనిషి బిడ్డ ఎదిగేదానికి శానా ఏండ్లు పడుతుంది అక్కా. మొదటిది తన తిండి తను తెచ్చుకునే లోపలే రెండోది పుడుతుంది. ఒక్క తల్లి వల్ల కాలేదు. అవ్వలు, అక్కలు చేతులు చాపినారు. అట్ల చేతులు మారే బిడ్డకు కొత్త పని పడింది, మొగాలు చదవాలి. ఎవరు ఎత్తుకుంటారు, ఎవరు పెడతారు, ఎవరికి నా మీద మనసుంది. నవ్వాలి, మాట్లాడాలి, వాళ్లను తనవైపు తిప్పుకోవాలి. మన నవ్వు, మన మాట, ఎదుటివాళ్ల మనసు తెలుసుకునేది, అన్నీ అక్కడ మొదలయినాయేమో. మా సార్లు ఒప్పుకోరు. నా ఊహ ఇది."

ఇందాక కరుణ ముగ్గురి మొగాలూ ఏరింది నాకు గుర్తుకొచ్చె.

"మీ భాషలోనే ఉంది చూడు" అనె గిరిజ మళ్లా. "పెద్దమ్మ, చిన్నమ్మ. మా కన్నడలో దొడ్డమ్మ, చిక్కమ్మ. అందరూ అమ్మలే. ముందర ఒక చిన్న మాట తగిలిచ్చుకుంటారు, అంతే."

ఆ పిల్లకు పెండ్లి కాలే, బిడ్డల్లేరు. అందుకే అంతే అనె. ఆ చిన్న మాటలోనే కదా నా బతుకంతా ఉండేది.

అక్క మాత్రం నవ్వి, "ఇది తెలుసుకోను బెంగుళూర్లో సదవాల్నా? మా ఇంట్లో పది దినాలు వంట చేస్తే తెలుస్తాది" అనె. నాకు ఇంకా కోపం వచ్చె. అక్కల వల్లనే మనుషులమయినామంటాంది ఈ పిల్ల. అక్క మీద కోపం పడేదానికి గూడా జాగా లేకుండా చేస్తాంది.

అంతలో నల్ల బిడ్డను ఎవరో తల్లి వొళ్లోకి తెచ్చి వదిలిరి. అది వెంటనే రొమ్ము పట్టుకునె.

"బిడ్డకు తెలుస్తాదా గిరిజా, ఎవరు అమ్మో?"

"ఎందుకు తెలియదు? పాలిచ్చేది ఎవరో దానికి తెలుసు కదా."

ఆ పిల్లకు మా సంగతి ఏం తెలుసు పాపం. కరుణకు అక్క పాలిచ్చిందని ఎవరు చెప్పుంటారు? నేను దుర్భిణి కండ్లకు పెట్టుకోనే ఉంటి, అక్క మొగం చూడాల్సి వస్తాదని. అద్దాలు తడిసి ఏమీ కనబడలే.

మళ్లా ఆళ్లగడ్డ బస్టాండు

బయలుదేరే పొద్దు అక్క ఓళిగలు చేసె. మా వైపు శెనగపప్పు పూర్ణం, అక్క కందిపప్పుతో చేస్తాది. కరుణకు అదే ఇష్టమంట. అదీ నాకు అప్పుడే తెలిసె. గిరిజ అడవికి పోతా పోతా దుర్భిణి మీ అమ్మ మెడలో వేసి, మళ్లా తీసుకోని, బుగ్గ గిల్లి పాయ. ఆ పిల్లను నేను మళ్లా చూడలే.

బస్సు నిండిపోయి ఉండె. కిటికీలోనుంచి తుండు గుడ్డలు విసిరి సీట్లు పట్టుకుంటాండ్రి. నేను తోసుకోని ఎక్కి, ఒక కిటికీ పక్క సీటు పట్టుకోని చేతులు బయటికి చాపినా. అక్క పిల్లను ఎత్తి కిటికీలోనుంచి అందిచ్చె. ఒక లెక్కన అక్కే ఇచ్చె, నేనే తీసుకుంటి. ఎవరూ పళ్లు బయటపెట్టలే. కరుణ ఏడవలే. బస్సు ఎక్కిన సంబరం. చిట్టిగాడు మాత్రం కింద నిలబడి, "అది పోతే నా పక్కన ఎవరు పండుకుంటారు?" అని ఏడుస్తాండె.

డ్రైవరు వచ్చి కూచునె. అక్క ఎడమ చెవి కమ్మ తీసె. కుడిది తీసె. సీల బిగుసుకుంటే ఉఫ్ అని లాగె. రెండూ నా అరచేతిలో పెట్టి మూసె.

"ఇయి పెట్టుకో. ల్యాకుంటే అది నిద్రపోదు."

"వద్దక్కా."

"నీకోసమా ఏమన్నా? పిల్లకోసం. అది ఆ అలవాటు మాన్నంక ఇద్దువులే."

అక్క బోసి చెవులు నేను అంతకుముందు ఎప్పుడూ చూడలే. చిన్నపిల్ల మాదిరి ఉండె. ఇంకోసారి పోయినప్పుడు చూస్తే ఆ తూట్లలో చీపురు పుల్లలు పెట్టుకోనుండె, పూడిపోకుండా. కమ్మలు ఇయ్యబోతే, "మానిందా?" అని అడిగె. మానలేదంటి. "అయితే ఉండనీ" అనె. అట్లనే ఏండ్లు పాయ, అక్కా పాయ. ఇప్పుడు మీ అమ్మ చెవులకుండేవి అవే.

కృతజ్ఞత లేదని కాదు నాయనా. కానీ నా బిడ్డ నిద్రపోయేదానికి గూడా అక్క చెవి కావాలంటే, ఎట్లుంటాదో చూడు. ఆ కమ్మలు పెట్టుకుంటి. బరువు. నా దుద్దులకంటే శానా బరువు.

శిరివెళ్ల దాటినంక ఎండ తగ్గె. గాలి చల్లగయ్యె. మీ అమ్మ ఓళిగ తిని, నెయ్యి చేతులు నా చీరకు పూసి, వొళ్లోకి జరిగి, కండ్లు మూసుకోని చెయ్యి పైకి చాపె. వేలు నా చెవి మీదికి వచ్చె. పైన వెతికె, కింద వెతికె. గుంట దొరికె. వేలి కొస అందులో పెట్టి, రుద్దుకుంటా, రుద్దుకుంటా, బస్సు చప్పుడులో నాకు మాత్రమే వినబడేటట్టు,

"అమ్మా" అనె.

చిన్న లేదు. ముందర ఏమీ లేదు. ఉత్త అమ్మా.

చెవి నాది. కమ్మ అక్కది. దాని కండ్లు మూసుకోనుండె.

నంద్యాల వచ్చేదాకా నేను కదలలే, మెడ పట్టేసినా. మరుసటి దినం నుంచి అమ్మా అనే పిలిచె, ఇప్పటికీ అట్లనే పిలుస్తాంది, అది వేరే. నేనడిగేది ఆ ఒక్కసారి సంగతి. అక్కను అడిగితే "నిన్నే మే, ఇంకెవర్ని" అని నా మనసు కోసం చెప్తాదని అడగలే. మీ అమ్మను పెద్దయినంక అడిగితే, "నాకు మూడేండ్లప్పటి మాట ఎట్ల గుర్తుంటాదమ్మా, నువ్వుగాని ఇంకా దాన్నే పట్టుకోనుండావా" అని నవ్వె. గిరిజ ఉండుంటే ఆమెనన్నా అడుగుదును, బిడ్డ కండ్లు మూసుకోని పిలిస్తే అది మొగాన్ని చూసి పిలిచిందా, వేలికి తగిలిందాన్ని బట్టి పిలిచిందా అని.

నువ్వు పక్కనే ఉండావు కదా జోయెలూ. మీ అమ్మ మంచి నిద్దట్లో ఉన్నప్పుడు, చెవి దగ్గర మెల్లిగా, నా మాటగా ఒకసారి అడుగు. ఆ పొద్దు బస్సులో ఎవర్ని పిలిచినావ్ తల్లీ?